నీళ్ళు పడని కథకు మూడు మార్కులు

ఆ మూడు మార్కులు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. చల్లారితే నేను కూడా మా స్టాఫ్‌రూమ్‌లో వాళ్ళలాగే "పోనీలే, ఆ పిల్లకు తర్వాత పదికి పది వచ్చాయి గదా" అంటానేమోనని భయం.

నేను జమ్మలమడుగులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఇల్లు ప్రొద్దుటూరులో, బంగారు అంగళ్ళ వీధికి వెనకవైపు. రోజూ పొద్దున్నే బస్సెక్కి, నాపరాళ్ళ లారీల వెనక దుమ్ము తింటూ బడికి పోతాను. ఉద్యోగంలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. నచ్చేది ఒకటే, ఏడు ఎనిమిది తరగతుల పిల్లల చేత కథలు రాయించడం. పద్యాలు ఎవరైనా బట్టీ పట్టిస్తారు. తను కళ్ళతో చూసినదాన్ని ఒక వరసలో పెట్టి, ఎదుటివాళ్ళకు కనబడేలా చెప్పడం వచ్చిన పిల్లను మాత్రం రేపు ఏ ఆఫీసులోనూ ఎవరూ నోరు మూయించలేరు. ఇది నా నమ్మకం. దీని మీద నాతో వాదించి గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు, విసుగొచ్చి లేచిపోయినవాళ్ళు ఉన్నారు.

నా తరగతిలో ఒకటే నియమం. చూసింది రాయాలి. చూడంది రాస్తే నేను పట్టేస్తాను. ఒకసారి ఒక పిల్లవాడు గండికోట లోయలో పులిని చూశానని రెండు పేజీలు నింపాడు. "పులి నీళ్ళు తాగుతాంటే నీ చెప్పులు యాడున్నాయిరా, కాళ్ళకా చేతుల్లోనా?" అని అడిగాను. వాడు నవ్వేసి, కాగితం వెనక్కి తీసుకున్నాడు. మరుసటి రోజు వాళ్ళ అవ్వ కోడిని పట్టుకోబోయి పేడకుప్పలో పడిన సంగతి రాసుకొచ్చాడు. ఆ కథ చదివి తరగతంతా కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. సొంతూరు తొండూరు దగ్గర పల్లె. జమ్మలమడుగు హాస్టల్లో ఉండి చదువుకునేది. నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెప్పేది. కాగితం ఇస్తే మాత్రం గంట కొట్టేదాకా నేను చూడాల్సిందే, తల పైకెత్తేది కాదు. ఆమె రాసిన దాంట్లో ఎక్కడా "చాలా", "ఎంతో" అనే మాటలు ఉండేవి కావు. వస్తువులుండేవి, మనుషులు చేసే పనులుండేవి. ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నదాన్ని, ఆ పిల్ల కాగితం వచ్చినరోజు నేను దాన్ని అన్నిటికంటే అడుగున పెట్టుకునేదాన్ని, చివర్లో తీరిగ్గా చదువుకోవచ్చని.

అప్పుడే పైనుంచి ఒక పరీక్ష వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలకు కథ రాయడం ఏమాత్రం వచ్చో చూడాలన్నారు. ఒక బడి పేపర్లు ఆ బడివాళ్ళే దిద్దకుండా, అన్నీ కలిపి ప్రొద్దుటూరులో ఒకచోట దిద్దించాలన్నారు. తక్కువ వచ్చినవాళ్ళను సి గుంపులో వేస్తారు. సి గుంపు అంటే మా బడిలో మెట్ల పక్కన ఉన్న గది. అందులో పిల్లలు తెలుగు పీరియడూ ఆటల పీరియడూ వదులుకుని, ఆరో తరగతివాళ్ళ పక్కన కూర్చుని, అఆల నుంచి గుణింతాల దాకా దిద్దుతారు. ఆ గదిలోకి పోయిన పిల్లలను మిగతావాళ్ళు ఏమని పిలుస్తారో నేనిక్కడ రాయను. ఈ అమ్మాయికి ఆ గదితో ఏం పని అని నేను ధీమాగా ఉన్నాను.

ప్రశ్న ఇది. రైతు, కరువు, బోరు వేయించడం, నీళ్ళు, సంతోషం. ఈ సూచనలతో కథ రాసి, పేరు పెట్టి, నీతి రాయాలి.

దిద్దడానికి నన్నూ పిలిచారు. దిద్దే మాకందరికీ ఒక కీ ఇచ్చారు. లెక్కల పేపరుకు కీ ఉంటుందని తెలుసు గానీ, కథకు కూడా కీ ఉంటుందని ఆరోజే చూశాను. ఒక్కో సూచనకు ఒక్కో మార్కు. పేరుకు ఒకటి, నీతికి ఒకటి, దస్తూరీకి ఒకటి, పేరాలు విడగొడితే ఒకటి. ఆఖరున "సొంత మాటలు" అని ఇంకొకటి. నీతి ఏమిటో కూడా కీలోనే అచ్చేశారు. కష్టపడితే ఫలితం దక్కును. ఇక సొంత మాటలు ఎక్కడ పెట్టాలో పిల్లలకే తెలియాలి.

అక్టోబరు వచ్చినా ఎండ తగ్గలేదు. పేపర్లు దిద్దే హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదు. నా పక్క బల్ల మీద తొండూరు వైపు నుంచి వచ్చిన ఒక తెలుగు మాస్టారు కూర్చున్నారు. నాకంటే పెద్దాయన, నేను అన్నా అని పిలుస్తాను. మంచి మనిషి, అది ముందే చెప్పాలి. ఉద్యోగం చేస్తూనే ఊళ్ళో చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసుకుంటారు. పొద్దున టీ తాగేటప్పుడు ఆయన తన బోరు సంగతి ఎత్తుకున్నారు.

"నీళ్ళు చూసేటాయన టెంకాయ అరచేతిలో పెట్టుకోని తోటంతా తిరిగినాడు. ఒకచోట నిలబడే పాటికి టెంకాయ నిట్టనిలువుగా లేచింది. నా కండ్లతో చూసినా. రాయి పాతి, పసుపు కుంకుమ పెట్టి, లారీ పిలిపిచ్చినాం. ఏముంది, పొద్దుగూకేదాకా దుమ్ము. ముందు ఎర్రది వచ్చె, మళ్ళ నల్లది వచ్చె, మళ్ళ తెల్లది. ఒక్క చుక్క తడి ల్యా. మా ఇంటామె లోపలికి పోయి తలుపేసుకునింది."

చుట్టూ ఉన్న పదిమందీ చేతుల్లో టీ చల్లారిపోతున్నా కదలకుండా విన్నారు. ఖాజీపేట నుంచి వచ్చిన ఒకాయన "అట్లనే అయితాది అన్నా, మాదీ అంతే" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కథకు నీతి ఏమిటని ఎవరూ అడగలేదు. ముగింపు తప్పు అని కూడా ఎవరూ అనలేదు.

టీ అయ్యాక ఎవరి బల్లకు వాళ్ళం పోయాం. ఎలా దిద్దేవాళ్ళమో చెబుతాను. ఎర్ర పెన్నుతో కాగితం మీద రైతు అనే మాట వెతికి గీత గీయాలి. కరువు వెతికి గీయాలి. బోరు, నీళ్ళు, సంతోషం. గీతలు లెక్కపెట్టి మార్కులు వేయాలి. అన్నం పెట్టాక పప్పు, కూర, చారు వడ్డించినట్టు గీతలు పడిపోతుంటాయి. చదవాల్సిన పని లేదు. ఒక బడి నుంచి వచ్చిన కట్టంతా ఒకటే కథ, ఒకటే రైతు, ఒకటే గంతులు వేయడం. ఎవరో బోర్డు మీద రాసి ఎక్కించినట్టు కనబడుతూనే ఉంది. వాటికి పదికి పది వేయక తప్పలేదు, కీలో ఉన్నవన్నీ ఉన్నాయి మరి.

మధ్యాహ్నం భోజనానికి లేవబోతుంటే పక్కనుంచి అన్న ఒక కాగితం నా వైపు జరిపారు.

"ఈ తమాషా చూడమ్మా. బోరు ఏపిచ్చి, నీళ్ళు పడల్యా అని రాసిపెట్టింది యాదో పాప. సూచనల్లో నీళ్ళు అని ఉంటే కూడా. చదవకుండా రాసినట్టుండాది."

నంబరు తప్ప పేరు లేదు. పేరుతో పనేముంది, నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న దస్తూరీ. నిలబడే చదివాను. ఆ కథ నాకిప్పటికీ నోటికొచ్చు.

"బోరు లారీ పొద్దున్నే వచ్చింది. అది సందులో తిరిగేటప్పుడు మా గోడకు తగిలించిన చాటలు కదిలినాయి. మా అమ్మ ముందే పాయసం చేసి పెట్టింది. నీళ్ళు పడినాక చేస్తే ఆలస్యమవుతుందని." అలా మొదలైంది. మధ్యలో ఇది ఉంది. "మా నాయన దుమ్మును చేతిలోకి తీసుకుని పిసికి చూసినాడు. కొంచెం సేపటికి మళ్ళీ చూసినాడు. పొడిగా ఉంది. చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు. లారీ ఆపమని మా నాయన చెప్పలేదు. లారీ వాళ్ళే ఆపినారు." చివర ఇలా ఉంది. "మా నాయన పాయసం కుక్కలకు పోయమన్నాడు. లారీ అన్నలు ఏం చేసినారు పాపం, పొద్దున్నుంచి ఏమీ తినలేదు అని మా అమ్మ ఆకులు వేసింది. వడ్డించేటప్పుడు పాయసం మీద దుమ్ము పడింది. అందరం తిన్నాము. తియ్యగానే ఉండింది."

దాని కింద ఎర్ర పెన్నుతో రెండు ముక్కలు. ముగింపు తప్పు. నీతి లేదు. రైతుకు ఒకటి, బోరుకు ఒకటి, దస్తూరీకి ఒకటి. మొత్తం మూడు. కరువు అనే మాట లేదు కాబట్టి కరువుకు సున్నా. నీళ్ళు పడలేదు కాబట్టి నీళ్ళకూ సంతోషానికీ సున్నా, కథకు పేరు పెట్టలేదు, పేరాలు విడగొట్టలేదు కాబట్టి వాటికీ సున్నా. సొంత మాటలకు కూడా సున్నా.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. "అన్నా, పొద్దున నువ్వు చెప్పిన కథ ఇదే గదా" అన్నాను.

"యాది?"

"బోరు. దుమ్ము. నువ్వు చెప్తాంటే అందరం ఏడ్చినాం. ఈ పాప రాస్తే తప్పెట్లయింది?"

ఆయన కాగితం వెనక్కి తీసుకుని ఇంకోసారి చూశారు. ఈసారి చదివారు, అది మొహంలో తెలుస్తూనే ఉంది. పాయసం దగ్గరికి వచ్చేసరికి పెన్ను కింద పెట్టారు. అన్న మార్కులు దిద్దుతారని నాకు గట్టి ఆశ కలిగింది. కానీ ఆయన కాగితాన్ని మెల్లగా కట్టలో పెట్టేసి, "అది నా బతుకమ్మా. ఇది పరీచ్చ. పరీచ్చలో నీళ్ళు పడాల్సిందే" అన్నారు.

ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. కావాలని అన్యాయం చేసేవాడితో పోట్లాడొచ్చు. తన బతుకే తన ముందు కాగితం మీదుంటే ఎర్రగీత గీసి తప్పు అని రాసేవాడితో ఏమని పోట్లాడతాం?

ఆ కాగితం తీసుకుని హాలు చివర కూర్చున్న పెద్దాయన దగ్గరికి పోయాను. పులివెందులలో హెడ్మాస్టరు, కీ తయారుచేసింది ఆయనే. విన్నంతసేపు మర్యాదగానే విన్నారు. "కథ బాగుంది మేడం, కాదని ఎవరన్నారు? కానీ మనం పిల్లలకు ఆశ నేర్పల్ల. బోరు వేస్తే నీళ్ళు పడవని రాసిన పిల్లకు మార్కులేస్తే, రేపు అందరూ అట్లనే రాస్తారు" అన్నారు.

"పడనప్పుడు పడలేదని రాస్తారు సార్. అందులో తప్పేముంది?"

"సూచనల్లో ఉన్నది రాయల్ల. అదే పరీక్ష."

"ఆ పాయసంలో ఆశ కనపడల్యా సార్ మీకు? దుమ్ము పడినా తిన్నారు గదా. నీతి కావల్లంటే అంతకంటే నీతి ఏముంటాది?"

"రాయలేదు గదా మేడం. నీతి అని పెట్టి, పక్కన రాయల్ల."

ఇక గొంతు లేచింది. హాలంతా పెన్నులు ఆపి చూశారు. నేనేమన్నానో అన్నీ గుర్తు లేవు. పులివెందుల నుంచి ఇక్కడికి బస్సులో వస్తూ కిటికీలోంచి ఒక్క ఎండిన చీనీ తోట కూడా కనపడలేదా అని అడిగినట్టు గుర్తు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాళ్ళను చూశాను గానీ, మిగతా కుందేళ్ళకు కూడా నాలుగో కాలు కొట్టేసేవాళ్ళను అక్కడే చూశాను. మార్కులు మారలేదు. కీ పైకి పోయిందట, మార్చడానికి లేదట. నా భోజనం టిఫిన్ డబ్బాలో అలాగే ఉండిపోయింది.

వారం తిరిగేసరికి ఆ అమ్మాయి మెట్ల పక్క గదిలో ఉంది. నేను ఎనిమిదో తరగతిలో కథలు రాయిస్తుంటే, కింద నుంచి "క కా కి కీ" అని అందరూ ఒక్క గొంతుతో చదవడం వినబడేది. నేను మా హెడ్మాస్టరుతో మాట్లాడాను, రాతపూర్వకంగా అడిగాను, గుంపులు చూసే వాళ్ళకు ఫోన్లు చేశాను. ఎవరికి చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే. దారి ఒకటే ఉంది, రెండు నెలల తర్వాత సి గుంపుకు మళ్ళీ అదే ప్రశ్న ఇస్తారు, అందులో మార్కులొస్తే పైకి వస్తుంది అన్నారు.

సి గుంపును మా బడిలో లెక్కల సారు చూసేవాడు. కుర్రవాడు, చురుకైనవాడు, పిల్లలంటే ఇష్టమున్నవాడే. ఆయన ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని కీని సూత్రంలా చెప్పాడు. మొదటి పేరాలో రైతు, కరువు. రెండో పేరాలో బోరు. మూడో పేరాలో నీళ్ళు, సంతోషం. కింద నీతి, దాని కింద గీత. అమ్మాయి తెలివైనది, వారంలో పట్టేసింది. రెండో పరీక్షలో పదికి పది తెచ్చుకుంది. ఆ పేపరు దిద్దిన వాళ్ళెవరో "చక్కని కథ" అని కూడా రాశారు. సొంత మాటలకు మార్కు పడింది.

లెక్కల సారు మిఠాయి పొట్లం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "మీరు పోట్లాడితే రాని మార్కులు నేను తెప్పిచ్చినా మేడం" అన్నాడు. వెక్కిరింపు కాదు, సంతోషం. మిఠాయి తీసుకున్నాను. ఏమనాలి ఆయన్ను? పిల్లను ఆ గదిలోంచి బయటికి తెచ్చింది ఆయనే, నేను కాదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆరోజు బస్సులో సీటు కోసం ఒకామెతో గొడవ పెట్టుకున్నాను.

అమ్మాయి మళ్ళీ నా తరగతికి వచ్చింది. కాగితం ఇచ్చి, చూసింది రాయమన్నాను. గంట కొట్టకముందే ఇచ్చేసింది. అనగనగా ఒక ఊరిలో ఒక రైతు ఉండెను, అని మొదలుపెట్టింది. కింద నీతి రాసి, గీత గీసింది. ఇదేమిటని అడిగితే, "ఇట్ల రాస్తే ఆ గదికి పంపరు గదా మేడం" అంది.

తర్వాత తల్లిదండ్రుల సమావేశం వచ్చింది. సి గుంపు నుంచి పైకి వచ్చిన పిల్లలు తమ కథలు చదివి వినిపించాలని హెడ్మాస్టరు కార్యక్రమం వేశారు. ముందురోజు ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి నిలబడింది. "మేడం, మా నాయన వచ్చాండాడు. నాది వేరేవాళ్ళతో చదివించండి" అంది. నేను హెడ్మాస్టరు గదికి పోయాను. పదికి పది వచ్చిన పిల్ల చదవకపోతే ఎట్ల అన్నారాయన. పిల్లకు ఇష్టం లేదన్నాను. సిగ్గు పోవాలి మేడం అన్నారు. బల్ల మీద నా చెయ్యి ఎంత గట్టిగా పడిందంటే పెన్నుల డబ్బా దొర్లింది. అయినా కార్యక్రమం మారలేదు.

మరుసటి రోజు షామియానా కింద ఆ తండ్రి చివరి వరుసలో కూర్చున్నాడు. తొండూరులో ఒక బస్సెక్కి, ముద్దనూరులో ఇంకో బస్సు మారి వచ్చాడట. తెల్లచొక్కా, మడత చెరగని కొత్త తువ్వాలు. కూతురి పేరు మైకులో పిలిచేసరికి నడుము నిటారుగా పెట్టాడు. అమ్మాయి తల ఎత్తకుండా చదివింది. బోరులోంచి నీళ్ళు ఆకాశమంత ఎత్తు ఎగిరాయి. రైతు ఆనందంతో గంతులు వేశాడు. ఊరంతా పండగ చేసుకున్నారు. కష్టపడితే ఫలితం దక్కును. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు.

అయిపోయాక కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. చేతులు జోడించి, మెల్లగా అడిగాడు.

"అమ్మా, పాప సదివిన ఆ రైతుది యా ఊరు? మా పక్కనేనా? ఎన్ని అడుగుల్లో పడినాయంట నీళ్ళు?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. చెబితే వెళ్ళి కనుక్కుని వచ్చేలా ఉన్నాడు. ఇంతమందితో ఇంత నోరు పారేసుకున్నదాన్ని, ఆ ఒక్క మనిషికి చెప్పడానికి మాట దొరకలేదు.

అమ్మాయే చెప్పింది. "అది యా ఊరూ కాదు నాయనా. పరీక్షలోది."

"అట్లనా" అన్నాడాయన. ఏమీ అంటుకోని చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.